బెజవాడ ఉక్కలో రాకెట్టుకు రంగు

బెజవాడలో ఉండి బుల్లి రాకెట్టుకు రంగు వేసుకోవాలనుకునే కుర్రాడికి అందుబాటులో రెండు బడులున్నాయి. ఒకటి ఊరికి వాయవ్యంగా ఇరవై కిలోమీటర్ల చిల్లర దూరంలో, ఖిల్లా నీడన ఉన్న కొండపల్లి బొమ్మల కాలనీ. రెండోది ఊళ్లోనే ఉన్న ఆటోనగర్. కొండపల్లిలో బరువే లేని మెత్తటి చెక్కకు తరాలుగా పూత పూస్తున్నారు. ఆటోనగర్‌లో లారీ బాడీలకూ బస్సులకూ పొద్దస్తమానం స్ప్రే గన్ను పట్టుకుని రంగు కొడుతున్నారు. రెండు చోట్లా రాకెట్టు ఊసే ఉండదు. అయినా రాకెట్టు పూతకు కావలసిన పాఠం సగం అక్కడుంటే మిగతా సగం ఇక్కడుంది. పైగా ఇద్దరూ పని చేసేది మన గాలిలోనే. ఎక్కడో ఎండు దేశంలో రాసిన డబ్బా మీది సూచనల కంటే వీళ్ల అలవాట్లు మనకు దగ్గరి చుట్టాలు.

ముందుగా, మోడల్ రాకెట్టంటే దీపావళి తారాజువ్వ కాదు. అట్ట గొట్టం ఒళ్లు, తేలిక చెక్క రెక్కలు, మొనదేలిన ముక్కు, లోపల మడిచిన పారాచూట్, అడుగున వాడి పారేసి మార్చుకునే చిన్న మోటారు. ఎగిరి, పారాచూట్ విప్పుకుని, చెక్కుచెదరకుండా దిగి, మళ్లీ ఎగరడం దాని పని. అమెరికాలోని నెబ్రాస్కాలో చెప్పుల దుకాణం నడిపే ఓర్విల్ కార్లైల్ 1954లో మొదటిదాన్ని చేశాడు. రాకెట్ల గురించి ఉపన్యాసాలిచ్చే సోదరుడు రాబర్ట్ జనానికి చూపించుకోవడానికి. మన దగ్గర ఆ మోటార్లు బొమ్మల కొట్లో దొరికే సరుకు కాదు. 1884 నాటి పేలుడు పదార్థాల చట్టం, 2008 నాటి నియమాలు వాటికి కాపలా ఉన్నాయి. ఇంట్లో మందు నూరి మోటారు చేయబోవడం నేరమూ, వేళ్లు పోగొట్టుకునే పనీ. కాబట్టి మన పిల్లలు ఎక్కువగా నీటి రాకెట్ల దగ్గర మొదలుపెడతారు. ఇంజినీరింగు విద్యార్థులు ఇప్పుడిప్పుడే అసలు మోటార్ల దాకా వస్తున్నారు. కేంద్ర ప్రభుత్వ అంతరిక్ష విభాగానికి చెందిన ఇన్-స్పేస్ సంస్థ ఆధ్వర్యంలో జరిగిన విద్యార్థుల రాకెట్ల పోటీ తుది ప్రయోగాలు 2025 అక్టోబరులో ఉత్తరప్రదేశ్‌లోని కుశీనగర్ జిల్లాలో జరిగాయి. మోటారు సంగతి అంతటితో వదిలేద్దాం. మన పని ఒంటి మీది పూతతో.

కొండపల్లి వాళ్లు వాడేది తెల్ల పొణికి. శాస్త్రజ్ఞులు దాన్ని గివోషియా మొలుకానా అంటారు. రాకెట్ల వాళ్లు వాడేది ఈక్వడార్ నుంచి వచ్చే బాల్సా. పుట్టిన ఖండాలు వేరైనా చెక్క గుణం ఒకే బాపతు. తేలికగా ఉందంటే లోపల కణాల గోడలు పలచన, వాటి నడుమ ఖాళీ ఎక్కువ అని అర్థం. ఘనమీటరు బాల్సా సుమారు 160 కిలోలు తూగుతుంది. అదే ఘనమీటరు నీళ్లు వెయ్యి కిలోలు. తక్కినదంతా గాలి. ఆ గాలి ఉన్న చోటికల్లా మనం పూసిన రంగు దూరిపోతుంది. చెక్క తాగినంత రంగు తాగి, పైన మాత్రం గరుకుగా, చారలు చారలుగా మిగులుతుంది. మొదటిసారి బాల్సా రెక్కకు నేరుగా ఎనామెల్ పూసిన వాళ్లందరికీ ఇది తెలుసు. రెండో కోటు వేసినా చారలు పోవు. మూడో కోటు వేసినా పోవు. బరువు మాత్రం పెరుగుతూ ఉంటుంది.

కొండపల్లిలో ఈ సమస్యకు విరుగుడు రంగు కంటే ముందే మొదలవుతుంది. పచ్చి చెక్కను సన్నటి సెగ మీద కాచి తేమ లాగేస్తారు. బాడిసతో చెక్కి, ఆకురాయితో నునుపు చేసి, ఏనుగుకు తొండం, అంబారీ, మావటి అన్నీ విడివిడిగా తయారుచేస్తారు. చింతగింజల పొడి, రంపపు పొట్టు కలిపిన మక్కుతో వాటిని అతుకుతారు. ఆ మక్కే అతుకుల దగ్గర సందులను పూడ్చి ఒంపులు దిద్దుతుంది. చింతగింజలో ఉండే జైలోగ్లూకన్ అనే పిండిపదార్థం నీళ్లలో ఉబ్బి జిగురుగా మారుతుంది. బట్టల మిల్లుల్లో నూలుకు పెట్టే గంజిలోనూ దాన్ని వాడతారు. పొట్టు ఆ జిగురుకు చిక్కదనం ఇస్తుంది. ఆరేటప్పుడు మరీ కుంచించుకుపోకుండా, తరవాత గరుకు కాగితంతో రుద్దడానికి వీలుగా ఉంచేది అదే. మక్కు ఆరాక సున్నపు పూత. ఆ తరవాత మేకవెంట్రుకల కుంచె, రంగు.

రాకెట్ల పుస్తకాల్లో ఇదే వరస వేరే పేర్లతో కనిపిస్తుంది. మక్కు స్థానంలో చెక్క పుట్టీ లేదా సాండింగ్ సీలర్, సున్నం స్థానంలో ప్రైమర్. సీలరును పలచగా పూసి, ఆరాక రుద్ది, మళ్లీ పూసి, మళ్లీ రుద్దాలి. రుద్దినప్పుడు చెక్క మిట్టల మీదిది పొడై రాలిపోతుంది, పల్లాల్లోది నిలుస్తుంది. అంతా సమతలమయ్యేసరికి మనం వేసినదానిలో చాలా భాగం నేలపాలవుతుంది. బాధపడక్కర్లేదు, ఎగిరేటప్పుడు దాన్ని మోయాల్సిన అవసరం ఉండదు. అట్ట గొట్టం మీద కాగితం చుట్టలు కలిసే చోట మెలిక గాడి ఒకటి ఉంటుంది. దాన్నీ ఇలాగే పూడ్చాలి. బూడిదరంగు ప్రైమరు కొట్టి, దీపాన్ని పక్కనుంచి వాలుగా పట్టి చూస్తే రంగురంగుల అట్ట మీద కంటికి ఆనని గాడి, గీత, జిగురు బొట్టు, వేలిముద్ర అన్నీ నీడలు వేసుకుని బయటపడతాయి. ఆటోనగర్‌లో క్యాబిన్ తలుపును అలా ఒంగి, ఏటవాలుగా చూసే పనివాళ్లు ఎప్పుడూ కనిపిస్తారు. వాళ్లు చూసేది రంగును కాదు, దాని కింద ఉన్నదాన్ని.

ఇంతకీ ఎంత నునుపు చేయాలి? అద్దంలా మెరిస్తే రాకెట్టు ఇంకా పైకి పోతుందని చాలామంది నమ్మకం. లెక్క వేస్తే అది సగమే నిజం. ఎగిరే వస్తువు ఒంటిని ఆనుకుని పలచటి గాలి పొర ఒకటి ఉంటుంది. గరుకుదనం ఆ పొర అడుగున మునిగిపోయేంత చిన్నదైతే బయటి గాలికి దాని సంగతి తెలియదు. ప్రవాహశాస్త్రంలో దీనికొక మోటు సూత్రముంది. గాలి స్నిగ్ధతను వేగంతో భాగించి వందతో హెచ్చవేస్తే, ఎంత గరుకు ఉన్నా పరవాలేదో వస్తుంది. మన వేడి గాలిలో సెకనుకు 50 మీటర్ల వేగానికి అది సుమారు 30 మైక్రాన్లు. మనిషి తలవెంట్రుకలో సగం మందం కూడా కాదు. 400 నంబరు నీటి కాగితం మీది గరుకు రేణువులే సగటున 35 మైక్రాన్లు. అవి గీసే గీతల లోతు ఇంకా తక్కువ. కాబట్టి 400 నంబరుతో రుద్ది, పైన పలచటి రంగు వేస్తే గాలికి అంతకన్నా అక్కర్లేదు. ఆ తరవాతి మెరుగంతా మన కళ్ల కోసం. కళ్ల కోసం చేయకూడదని కాదు, ఎత్తు కోసమని చెప్పుకోకూడదంతే. గాలికి నిజంగా అడ్డొచ్చేవి రంగు జారి గడ్డకట్టిన కన్నీటి చారలు, పూతలో చిక్కుకున్న దుమ్ము, చదరంగా వదిలేసిన రెక్క అంచులు.

ఇక అసలు రంగు. డబ్బా మీద ఏ రంగని రాశారో చూసేముందు అది ఎలా ఆరుతుందో తెలుసుకోవాలి. ఈ ఒక్క ప్రశ్నతో సగం ప్రమాదాలు తప్పుతాయి. ఎనామెల్ రెండు దశల్లో ఆరుతుంది. మొదట ద్రావకం ఎగిరిపోతుంది, ముట్టుకుంటే అంటుకోదు. తరవాత అందులోని నూనె రెజిన్ గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి, అణువుకు అణువు ముడిపడి వలగా బిగుస్తుంది. దీనికి రోజులు పడుతుంది. ఎన్.సి. లాకరు సంగతి వేరు. అది నైట్రోసెల్యులోజ్‌ను థిన్నరులో కరిగించిన ద్రావణం. థిన్నరు పోయిందంటే ఆరినట్టే. మళ్లీ థిన్నరు తగిలితే ఎన్నేళ్ల తరవాతైనా కరుగుతుంది. నీళ్లతో కలిపే ఆక్రిలిక్ మూడో రకం. నీళ్లలో తేలే సన్నటి ప్లాస్టిక్ రేణువులు నీరు పోతున్న కొద్దీ దగ్గరై, ఒకదానికొకటి అతుక్కుని పొరవుతాయి.

నైట్రోసెల్యులోజ్‌కు మన కొయ్యబొమ్మలతో పాత చుట్టరికముంది. 1920ల్లో అమెరికాలో డ్యుపాంట్ కంపెనీ డ్యూకో అనే పేరుతో దాన్ని కార్ల రంగుగా తెచ్చింది. అంతకుముందు ఒక కారుకు వార్నిషు ఆరడానికి వారాలు పట్టేది. డ్యూకోతో ఆ పని రోజుల్లోకి దిగింది. ఆ కారు రంగే తెలంగాణలో నిర్మల్ కళాకారుల చేతికొచ్చి కొయ్య మీద బొమ్మలు గీసేందుకు పనికొచ్చింది. త్వరగా ఆరుతుంది, సానబడితే మెరుస్తుంది, ఇంకేం కావాలి! ఇదే నైట్రోసెల్యులోజ్‌లో నైట్రోజన్ పాలు పెంచితే తుపాకి మందవుతుంది. రంగు రకం అలా పేలదు గాని అంటుకుంటే మహా జోరుగా మండుతుంది. ఎన్.సి. డబ్బా దగ్గర బీడీ, దేవుడి దీపం, గ్యాసుపొయ్యి ఏవీ ఉండకూడదు.

ఆరే తీరు తెలిస్తే ఏది దేని మీద వేయొచ్చో అదే తెలుస్తుంది. ఎన్.సి. మీద ఎనామెల్ వేయవచ్చు; ఎనామెల్‌లోని టర్పెంటైన్ బాపతు ద్రావకం బలహీనమైనది, కింది పొరను కదిలించలేదు. ఎనామెల్ మీద ఎన్.సి. వేస్తే మాత్రం దాని థిన్నరు కిందికి దూరి, సగం బిగిసిన పొరను ఉబ్బిస్తుంది. పైన బిగువు, కింద ఉబ్బు. ఎటూ పోలేక పూతంతా ముడతలు పడి లేస్తుంది. ఒకే ఎనామెల్ మీద అదే ఎనామెల్ వేసినా ఈ గండముంది. మొదటి గంటలోపు రెండో కోటు వేస్తే రెండూ కలిసిపోతాయి. పూర్తిగా బిగిశాక వేస్తే ఇబ్బంది లేదు. నడిమధ్యలో, పైన ఆరి లోపల పచ్చిగా ఉన్నప్పుడు వేస్తేనే ముడత. డబ్బాల మీద ‘గంటలోపు గాని, 48 గంటల తరవాత గాని’ అని రాసేది ఇందుకే. ఆటోనగర్‌లో కొత్త కుర్రాళ్లకు మొదట నేర్పేది రంగు కొట్టడం కాదు, ఆగడం. పోటీ రేపనగా ఇవాళ రాత్రి రాకెట్టుకు రంగేసే విద్యార్థి ఆ కుర్రాళ్ల దగ్గర ఒక వారం కూర్చుంటే బాగుండును.

ప్లాస్టిక్ ముక్కుల దగ్గర ఇంకో మెలిక. పాలీస్టైరీన్ ముక్కును ఎన్.సి. థిన్నరు కరిగించేస్తుంది, అక్కడ ఆక్రిలిక్కే శరణ్యం. నీటి రాకెట్టు కట్టేవాళ్లు ఇది ఇంకా గట్టిగా గుర్తుపెట్టుకోవాలి. గాలి ఒత్తిడి మోసే సీసాను గరుకు కాగితంతో రుద్దకూడదు, థిన్నరున్న రంగు దాని మీద కొట్టకూడదు. గీత పడ్డ చోటో, ద్రావకం సోకి పెళుసెక్కిన చోటో ఒత్తిడికి అది చీలుతుంది. రంగు మోజుంటే పైన కాగితం తొడుగు వేసి దాని మీద తీర్చుకోవాలి. త్రీడీ ప్రింటర్లో పి.ఎల్.ఎ.తో చేసిన ముక్కులు ఇప్పుడు కాలేజీల్లో మామూలైపోయాయి. ఆ ప్లాస్టిక్ 60 డిగ్రీల దగ్గరకొచ్చేసరికి మెత్తబడుతుంది. నల్లరంగు పడే ఎండనంతా దాదాపు మింగేస్తుంది, తెలుపు చాలావరకు తిరగ్గొడుతుంది. రోహిణి కార్తెలో మూసిన కారు వెనకసీట్లో నల్ల ముక్కు రాకెట్టును వదిలేసి భోజనానికి పోతే, తిరిగొచ్చేసరికి అది తల వంచుకుని ఉంటుంది. స్ప్రే డబ్బాలను అసలే అలా వదలకూడదు. వాటి మీద 50 డిగ్రీలు దాటనివ్వొద్దని రాసి ఉంటుంది. మన ఎండలో మూసిన కారు ఆ గీత దాటడానికి ఎక్కువసేపు పట్టదు.

ఇప్పుడు బెజవాడ గాలి సంగతి. పై పూతను చెడగొట్టడంలో దీనికి సాటి లేదు. పక్కన కృష్ణ, బ్యారేజీ నుంచి కదిలే కాలవలు, చుట్టూ నీళ్లు నిలిచిన వరిచేలు, డెబ్భై కిలోమీటర్లలో బందరు సముద్రం. వానాకాలంలో గాలి తేమతో బరువెక్కి ఉంటుంది. అలాంటి సాయంత్రం ఎన్.సి. క్లియరు, అంటే రంగు లేని పై పూత, కొడితే మొదట తళతళలాడుతూ బ్రహ్మాండంగా కనిపిస్తుంది. రెండు నిమిషాలు గడిచేసరికి అంచుల దగ్గర మసక మొదలవుతుంది. అది లోపలికి పాకి, ఎర్రటి రాకెట్టు పాలిపోయిన గులాబీ రంగుకు దిగుతుంది. తుడిస్తే పోదు, మసక పొర లోపలే ఉంది. పెయింటర్లు దీన్ని బ్లషింగ్ అంటారు.

కారణం తేమే అయినా, గాలిలోని తేమ తనంతట తానుగా వచ్చి కూర్చోదు. థిన్నరు ఆవిరవుతూ పూతలోని వేడిని పట్టుకుపోతుంది. పూత చుట్టూ ఉన్న గాలి కంటే చల్లబడుతుంది. చల్లమజ్జిగ చెంబుకు చెమట పట్టినట్టే రాకెట్టుకూ పడుతుంది, ఇంకా పచ్చిగా ఉన్న పూతలోకి ఆ నీరు చొరబడుతుంది. నీరు తగిలితే నైట్రోసెల్యులోజ్ విరిగి సన్నటి తెల్ల రేణువులవుతుంది. ఎంత చల్లబడితే ఈ పని జరుగుతుందో లెక్క వేయవచ్చు. గాలి 30 డిగ్రీలు, తేమ 85 శాతం ఉన్న శ్రావణమాసపు సాయంత్రం మంచుబిందు ఉష్ణోగ్రత 27 డిగ్రీల పైమాట. అంటే పూత మూడు డిగ్రీలు చల్లబడితే చాలు. త్వరగా ఎగిరే చవక థిన్నరుకు అదొక లెక్కే కాదు. మే నెల మధ్యాహ్నం 42 డిగ్రీల వేడి, 25 శాతం తేమ ఉంటే మంచుబిందువు 18 దగ్గర ఉంటుంది; 24 డిగ్రీలు చల్లబడాలి, అది జరిగే పని కాదు. అప్పుడు మసక రాదు. దాని బదులు ఇంకో పీడ వస్తుంది. గన్ను నుంచి బయల్దేరిన తుంపర రాకెట్టును చేరేలోపే గాలిలో సగం ఆరి, ఇసక చల్లినట్టు గరుకుగా పడుతుంది.

ఆటోనగర్‌లో దీనికి మందు రిటార్డర్, అంటే నెమ్మదిగా ఎగిరే థిన్నరు. దాన్ని కాస్త కలిపితే పూత అంత హఠాత్తుగా చల్లబడదు, పట్టిన కాస్త తేమ బయటికి పోవడానికీ వ్యవధి ఉంటుంది. మసక పట్టిన పూతను కూడా రిటార్డర్ కలిపిన థిన్నరును పొగమంచులా పలచగా కొట్టి తిరిగి తెప్పించవచ్చు; ఎన్.సి. మళ్లీ కరుగుతుంది కదా, ఆ అవలక్షణమే ఇక్కడ ప్రాణం కాపాడుతుంది. స్ప్రే డబ్బాతో పని చేసేవాళ్లకు ఈ వీలు తక్కువ. లోపలేం పోశారో అదే. వాళ్లు కాలాన్ని ఎంచుకోవాలి. నా మటుకు నేను మాఘ ఫాల్గుణాలకు ఓటేస్తాను. పొగమంచు విడిచి ఎండ కాస్త ముదిరిన పదింటి నుంచి సాయంత్రం నాలుగు లోపు, నీడపట్టున, గాలి ఆడే చోట. వానాకాలంలో తప్పదంటే నీళ్ల ఆక్రిలిక్ క్లియరు మేలు. దానికి బ్లషింగ్ రాదు. ఆరడానికి మాత్రం రెట్టింపు సమయం తీసుకుంటుంది, మొదట్లో పాలవన్నెగా ఉండి కంగారు పెడుతుంది. ఫ్యాను పెట్టి వదిలేయాలి.

ఇంతకీ క్లియరు కోటు ఎందుకు? మెరుపుకని అనుకుంటాం. దాని ముఖ్యమైన పని కాపలా. స్టిక్కర్ల అంచులు లేవకుండా, దిగేటప్పుడు మట్టిలో గీసుకున్నా రంగు దాకా గీత పోకుండా, మోటారు మసి తడిగుడ్డతో తుడిస్తే పోయేలా చేస్తుంది. మెరుపు, మెరుపు లేని మ్యాట్ రెండూ పైతలం నునుపును బట్టి వచ్చేవి. మ్యాట్ క్లియరులో సన్నటి సిలికా పొడి కలుపుతారు. అది ఉపరితలాన్ని ఎగుడుదిగుడు చేసి వెలుతురును అన్ని వైపులకూ చెదరగొడుతుంది. డబ్బా సరిగా కుదపకపోతే ఆ పొడి అడుగున ఉండిపోయి, చివర్లో ఒక్కసారి గుప్పెడు వచ్చి పడుతుంది. నల్లరంగు మీద విభూతి రాసినట్టు తెల్లటి మరకలు.

పసుపెక్కడం ఇంకో చిక్కు. తలుపులకు కొట్టే నూనె వార్నిషు మొదటినుంచీ తేనెరంగే; తెల్ల రాకెట్టు మీద దాన్ని వాడకూడదు. ఎనామెల్ తెలుపుకైతే చిత్రమైన అలవాటుంది: ఎండలో కంటే చీకటి బీరువాలో ఎక్కువ పసుపెక్కుతుంది. ఎన్.సి. క్లియరు ఎండకు పసుపెక్కుతుంది. పి.యు. (పాలీయురెథేన్) క్లియర్లలో అరోమాటిక్ రకం ఎండకు పాడవుతుంది, అలిఫాటిక్ రకం నిలుస్తుంది. ఆక్రిలిక్ తెల్లగానే ఉంటుంది. ఇంటిదగ్గర పని చేసుకునే అభిరుచిగాళ్లకు ఆక్రిలిక్ క్లియరే సరైనదని నా అభిప్రాయం. రెండు డబ్బాలు కలిపి కొట్టే పి.యు. గట్టిదనంలో దేనికీ తీసిపోదు. కాని దాని గట్టిపరిచే ద్రవంలోని ఐసోసయనేట్లు ఊపిరితిత్తులకు బద్ధశత్రువులు. ఒకసారి పడకపోవడం మొదలైతే ఆ తరవాత కాస్త సోకినా ఉబ్బసం వస్తుంది. బయటి నుంచి గాలి అందించే మాస్కు లేకుండా దాన్ని స్ప్రే చేయకూడదు. మొహానికి కట్టుకున్న తువ్వాలు దుమ్మును ఆపుతుందేమో, ఆవిరిని ఆపదు. ఆటోనగర్‌లో ఈ విషయంలో నేర్చుకోవలసింది ఏమీ లేదు, నేర్పవలసిందే ఉంది.

సీసం గురించి కూడా ఒక మాట. ఇంటి రంగుల్లో సీసం పది లక్షల్లో 90 భాగాలు దాటకూడదని 2016లో కేంద్రం తెచ్చిన నియమం 2017 నవంబరు 1 నుంచి అమల్లోకి వచ్చింది. ఆ నియమం ఇంటికీ అలంకారానికీ వాడే రంగుల వరకే. బండ్లకు వాడే పారిశ్రామిక రంగులు దాని కిందికి రావు. మిరుమిట్లు గొలిపే ఆ లారీ పసుపు, నారింజ రంగులు లెడ్ క్రోమేట్ కావచ్చు. పిల్లలు పట్టుకుని, రుద్ది, ఆ పొడి పీల్చే రాకెట్టుకు వాటిని తేవద్దు. సీసం లేదని రాసిన డబ్బాయే కొనాలి.

రంగుల ఎంపికలో అందం సంగతి ఎవరికి వారే. ఉపయోగం సంగతి మాత్రం పొలం చెబుతుంది. డెల్టాలో రాకెట్టు ఎగరేయడానికి వీలైన ఖాళీ దొరికేది వరికోతలయ్యాకే, అదీ గన్నవరం విమానాల దారికి దూరంగా, కావలసిన అనుమతులు చేతిలో పెట్టుకుని. అప్పటికే చాలా మళ్లలో వరి దుబ్బుల నడుమ మినుము మొలిచి ఉంటుంది. ఎండు దుబ్బు, పచ్చ మొలక, నల్ల రేగడి. పసుపు, ఆకుపచ్చ, గోధుమ రంగు రాకెట్లు అక్కడ పడితే వెతుక్కోవలసిందే. ఎరుపు మంచిదే అనిపిస్తుంది గాని, ఎరుపుకూ ఆకుపచ్చకూ తేడా సరిగా తెలియని మగవాళ్లు మనం అనుకునే కంటే ఎక్కువమంది. ఫ్లోరసెంట్ నారింజ, గులాబీ అన్నిటికన్నా తేలిగ్గా కంటపడతాయి. అవి తమ మీద పడ్డ నీలి, అతినీల కిరణాలను మింగి నారింజ వెలుతురుగా బయటికి వదులుతాయి. అందుకే కాగితం తెలుపు కంటే కూడా కాంతిగా కనిపిస్తాయి.

వాటికి రెండు బలహీనతలు. ఒకటి, ఆ పూత పలచగా, అవతలిది కనిపించేలా ఉంటుంది. కింద మంచి తెలుపు ఉండి తీరాలి. ఆ తెలుపు ఏదన్నది ముఖ్యం. సున్నపు తెలుపు ఆరినప్పుడు తెల్లగా కనబడేది రేణువుల మధ్య గాలి ఉండబట్టే. దాని వక్రీభవన గుణకం 1.6 దగ్గర, రెజిన్లది 1.5 దగ్గర. పైన క్లియరు పడి ఆ గాలి సందులు నిండగానే వెలుతురు చెదరడం తగ్గి తెలుపు మాసిపోతుంది. టైటానియం డయాక్సైడ్ గుణకం 2.7, రెజిన్లో మునిగినా అది తెల్లగానే ఉంటుంది. రెండో బలహీనత, ఫ్లోరసెంట్ రంగులు ఎండకు త్వరగా వెలిసిపోతాయి. అతినీల కిరణాలను అడ్డుకునే క్లియరు కొడితే ఎక్కువకాలం ఉంటాయి. కాకపోతే వాటి వెలుగుకు కొంత ఇంధనం ఆ కిరణాలే కాబట్టి మొదటి రోజే కాస్త తగ్గినట్టుంటుంది. ఆ బేరం మన ఎండలో లాభమే.

పైకి చూసినప్పుడు లెక్క మారుతుంది. తెల్లటి ఆకాశం ముందు ఏ రంగైనా మసిబొమ్మే. నలుపు అన్నిటికన్నా స్పష్టంగా కనిపిస్తుంది. సాటర్న్-5 మీదా, దానికి ముందు జర్మన్ వి-2 మీదా కనిపించే నలుపు తెలుపు గళ్లు అలంకారం కాదు. రాకెట్టు తన చుట్టూ తాను ఎంత తిరుగుతోందో కెమెరాల్లో లెక్కపెట్టుకోవడానికి వేసినవి. మన బుల్లి రాకెట్టుకు కూడా ఒక రెక్క నలుపు, మిగతావి నారింజ వేస్తే ఫోను వీడియోలోనే దాని తిరుగుడు తెలిసిపోతుంది. రేడియం స్టిక్కర్లతో గళ్లు అతికించడం తేలిక. కాని ఆ స్టిక్కరు ఒకటే మూడు నాలుగు కోట్ల రంగంత మందం ఉంటుంది, దాని బరువూ అంతే.

బరువు దగ్గరికి వచ్చాం కాబట్టి నాసా సంగతి చెప్పుకోవాలి. స్పేస్ షటిల్ మొదటి రెండు ప్రయాణాల్లో పెద్ద ఇంధన ట్యాంకుకు తెల్లరంగు వేశారు. 1982 మార్చిలో మూడో ప్రయాణం నుంచి మానేశారు. సుమారు 270 కిలోలు మిగిలాయి. ఆ తరవాత అందరూ చూసిన తుప్పు నారింజ రంగు, ట్యాంకు మీది నురగ అసలు రంగే. మన లెక్క గ్రాముల్లో. రెండున్నర సెంటీమీటర్ల వ్యాసం, 40 సెంటీమీటర్ల పొడవున్న రాకెట్టుకు రెక్కలతో కలిపి సుమారు 460 చదరపు సెంటీమీటర్ల ఒళ్లుంటుంది. ఆరిన కోటు 25 మైక్రాన్లుంటే ఒక్కో కోటు గ్రామున్నర. ప్రైమరు రెండు, రంగు మూడు, క్లియరు రెండు వేస్తే పది గ్రాములు. మోటారుతో కలిపి 60 గ్రాములుండే రాకెట్టుకు అది ఆరో వంతు అదనం.

బరువెంతన్న దానికంటే అది ఎక్కడ చేరిందన్నది ఇంకా ముఖ్యం. రాకెట్టు తిన్నగా పోవాలంటే దాని గరిమనాభి, గాలి ఒత్తిడి కేంద్రానికి ముందు, కనీసం గొట్టం వ్యాసమంత దూరంలో ఉండాలి. ఒంటి మీద సమంగా పరుచుకున్న రంగు ఈ దూరాన్ని పెద్దగా మార్చదు. మోటారు వెనక ఉంటుంది కాబట్టి గరిమనాభి నడిమికి కాస్త వెనకే ఉంటుంది, ఒంటి రంగు దాన్ని ముందుకే లాగుతుంది. ప్రమాదం రెక్కల దగ్గర. పుట్టీ, సీలరు, రుద్దకుండా వదిలేసిన కోట్లు అన్నీ అక్కడే పోగవుతాయి. గరిమనాభికి 15 సెంటీమీటర్లు వెనక 3 గ్రాములు ఎక్కువైతే అది 7 మిల్లీమీటర్లు వెనక్కి జరుగుతుంది, అంటే ఉండాల్సిన దూరంలో పావు వంతుకు పైగా పోయినట్టే. అందుకని పూతంతా ఆరాక, మోటారు పెట్టి, చూపుడువేలి మీద రాకెట్టును అడ్డంగా నిలబెట్టి గరిమనాభి ఎక్కడికి వచ్చిందో మళ్లీ గుర్తు పెట్టుకోవాలి. రంగు వేయకముందు పెట్టిన గుర్తు ఇక పనికిరాదు. వెనక్కి జరిగి ఉంటే ముక్కులో కాస్త బంకమన్ను పెడితే సరిపోతుంది, లేదా రెక్కల మీది క్లియరును 400 నంబరుతో మళ్లీ రుద్దాలి. రుద్దడమే మంచిది, బరువు తగ్గుతుంది, పెరగదు.